ఫియర్‌లెస్ చివర వినిపించే జనం తోక కాదు

బ్రిటిష్ రాక్ బ్యాండు పింక్ ఫ్లాయిడ్ అభిమానులు నలుగురు ఒకచోట చేరితే ఎవరో ఒకరు 'ఫియర్‌లెస్' పేరెత్తి తీరతారు. "పాపం, ఎవరూ పట్టించుకోని పాట" అంటారు. మిగతా ముగ్గురూ తలూపుతారు. నలుగురికీ బాగా తెలిసిన పాటని ఎవరూ పట్టించుకోలేదని నలుగురూ కలిసి బాధపడటం తమాషాగానే ఉంటుంది కానీ, నా గొడవ దాంతో కాదు. ఈమధ్య ఆఫీసులో నాకంటే బాగా చిన్నవాడైన ఒకతను ఈ పాట పంపించి, కింద ఇలా రాశాడు: "అన్నా, ఇది తప్పకుండా వినండి. చివర్లో స్టేడియం గోల వస్తుంది, అక్కడ ఆపేసినా పర్లేదు." నా గొడవ ఆ రెండో వాక్యంతో.

ఎందుకంటే అది అతనొక్కడి మాట కాదు. ఫియర్‌లెస్‌ని నెత్తిన పెట్టుకునేవాళ్ళలో చాలామంది మెచ్చుకునేది దాని గిటార్‌ని, గాయకుడు డేవిడ్ గిల్మోర్ గొంతుని. చివర్లో లివర్‌పూల్ ఫుట్‌బాల్ జట్టు అభిమానుల జనం పాడే 'యూ విల్ నెవర్ వాక్ అలోన్' దగ్గరికి వచ్చేసరికి కాస్త మొహమాటపడతారు. అప్పట్లో కుర్రాళ్ళు చేతికందిన ప్రతి శబ్దాన్నీ టేపుకెక్కించేవాళ్ళులే, ఇదీ ఆ సరదాల్లో ఒకటి అని సర్దిచెబుతారు. నేను దానికి పూర్తిగా ఎదురు. ఆ జనం లేకపోతే ఫియర్‌లెస్ ఒక మంచి పాట, అంతే. ఆ జనం ఉండబట్టే అది ఆ బ్యాండు చేసిన గొప్ప పాటల్లో ఒకటయింది. దానికి అన్యాయం జరిగిందని వాదించేవాళ్ళే దాన్ని మధ్యలో ఆపెయ్యమంటే ఎలా?

కొండ, గుంపు

పాట నడక గురించి ముందు రెండు ముక్కలు. గిటార్ మామూలు శ్రుతిలో ఉండదు. తీగలు లావు దాని నుంచి సన్న దాని వరకు జీ, జీ, డీ, జీ, బీ, బీ అని కలిపి ఉంటాయి. ఒకే స్వరం రెండేసి తీగల మీద పలకడం వల్ల వెనకాల సన్నగా ఒక మోత నిలబడిపోతుంది. దాని మీద ఆ ప్రసిద్ధమైన గిటార్ వరస మెట్టు మీద మెట్టుగా పైకి పోతుంది. తొందర ఉండదు. నిక్ మేసన్ డ్రమ్స్ కూడా ఆయాసం రాకుండా నడిచే మనిషి అడుగుల్లా పడతాయి. గిల్మోర్ పాడుతున్నట్టు కాకుండా పక్కన కూర్చుని చెబుతున్నట్టు పాడతాడు.

ఈ శ్రుతి బ్యాండులో బేస్ గిటార్ వాయించే రోజర్ వాటర్స్‌కి నేర్పింది బ్యాండు తొలి గాయకుడు సిడ్ బారెట్. మానసికంగా దెబ్బతిని 1968లో బ్యాండుకి దూరమైన సిడ్ ఈ విధంగా 1971 పాటలోనూ ఉన్నాడన్నమాట. పాటలో గుంపు ముందు నవ్వుతూ నిలబడే పిచ్చివాడు సిడ్డే అని చాలామంది అభిమానుల నమ్మకం. నాకు ఈ లెక్క మీద పెద్దగా గురి లేదు. పింక్ ఫ్లాయిడ్ పాటల్లో పిచ్చి అనే మాట ఎక్కడ కనపడినా సిడ్‌ని తీసుకొచ్చి కూర్చోబెట్టడం మనకి అలవాటైపోయింది. సాహిత్యంలో ఉన్నాడో లేడో గానీ గిటార్ తీగల్లో మాత్రం ఉన్నాడు. నాకది చాలు.

ఇక సాహిత్యం. పాట మొత్తం రెండు చరణాలు. మొదటి చరణంలో ఎవరో అంటారు, ఈ కొండ చాలా నిటారుగా ఉంది, నువ్వు ఎక్కలేవు అని. జవాబుగా వీడు అంటాడు: చోటు నువ్వు చెప్పు, సమయం నేను చెబుతాను, నా పద్ధతిలో నేను ఎక్కుతాను. ఎక్కుతాడు కూడా. చెట్లూ మబ్బులూ దాటి పైకి వెళ్ళి కిందికి చూస్తాడు. అప్పుడు అతనికి వినపడేది కింద మిగిలిన ఆ మనిషి అన్న మాటలు.

రెండో చరణంలో ఆ ఒక్క మనిషి స్థానంలోకి గుంపు వస్తుంది. దాని ముందు జంకు లేకుండా నవ్వుతూ నిలబడ్డ పిచ్చివాడు. దయలేకుండా మొహం చిట్లించే మెజిస్ట్రేటు. కిరీటం పెట్టుకున్న మూర్ఖుడెవడు అని ఒక ప్రశ్న. ఈసారి ఎక్కడం కాదు, నీ పద్ధతిలో నువ్వు కిందికి దిగు అంటుంది పాట. చివరికి పైనుంచి చూస్తే వినపడేది ఏమిటి? గుంపులోని ముఖాల చప్పుడు. ముఖాలకి చప్పుడేమిటని అడగొద్దు, అక్కడే ఉంది కిటుకంతా. గిల్మోర్ పాడే చివరి మాట గుంపు. ఆ తర్వాత మాటలు లేవు. గిటార్ మళ్ళీ ఎక్కుతుంది, మనకి నిజంగానే ఒక గుంపు వినపడుతుంది.

ఇంతకంటే తిన్నగా ఏ పాటైనా చెప్పగలదా? కింద గుంపు చప్పుడు వింటావు అని చెప్పి, వినిపించి ఊరుకుంది. దాన్ని అతికించిన తోక అనడం, ఉత్తరంలో "ఇట్లు" తర్వాత వచ్చే సంతకాన్ని అనవసరం అనడమే.

కుక్కకి దొరికిన చోటు

ఈ పాట ఎందుకు వెనకబడిందో చెప్పడం కష్టం కాదు. 1971 చివర్లో వచ్చిన 'మెడిల్' ఆల్బమ్‌లో మొదటి పాట రెండు బేస్ గిటార్లతో, బిన్సన్ ఎకో యంత్రంతో తలుపులు బద్దలుకొట్టుకుని వస్తుంది. రెండో వైపంతా ఇరవై మూడు నిమిషాలు దాటిన 'ఎకోస్' ఒక్కటే. ఈ రెంటి మధ్య ఆరు నిమిషాల నెమ్మదైన పాట ఎవరి కంటికి ఆనుతుంది? పైగా ఆల్బమే అమెరికాలో డెబ్బయ్యో స్థానం దగ్గర ఆగిపోయింది. బ్రిటన్‌లో మాత్రం మూడు దాకా వెళ్ళింది. ఆల్బమ్ మొదటి పాటని సింగిల్ రికార్డుగా వేసినప్పుడు దాని వెనక వైపు పాటగా కూడా ఫియర్‌లెస్ వెళ్ళింది. రెండేళ్ళు తిరక్కుండా 'డార్క్ సైడ్ ఆఫ్ ది మూన్' ఆల్బమ్ వచ్చింది. దాని తర్వాత అంతకుముందువన్నీ పాత పాటలైపోయాయి.

ఈ వివరాలు అభిమానులందరికీ కంఠతా వచ్చినవే. వాళ్ళు ఎక్కువగా తలుచుకోని సంగతి ఒకటుంది. 1971 అక్టోబర్‌లో, మెడిల్ విడుదలకి కాస్త ముందు, బ్యాండు ఇటలీలోని పాంపేయి శిథిలాలకి వెళ్ళి, ఖాళీ రంగస్థలంలో, చూసేవాళ్ళు లేకుండా, దర్శకుడు ఏడ్రియన్ మేబెన్ కోసం ఒక సినిమా తీయించుకుంది. మెడిల్ నుంచి అందులో ఎకోస్ ఉంది, మొదటి పాట ఉంది. చివరికి కుక్క ఊళ పెట్టే 'షేమస్' కూడా పేరు మార్చుకుని, వేరే కుక్కని పెట్టుకుని, చేరింది. ఫియర్‌లెస్ లేదు. కుక్కకి దొరికిన చోటు దీనికి దొరకలేదు అని ఒకప్పుడు నాకు ఉక్రోషంగా ఉండేది. ఇప్పుడు ఆలోచిస్తే అది సరైన నిర్ణయమే అనిపిస్తుంది. పాంపేయి సినిమా ఆలోచనే జనం లేని కచేరీ. ఫియర్‌లెస్‌లో ఉన్నది కచేరీ లేని జనం. ఆ ఖాళీ రాతిమెట్ల మధ్య వేల గొంతుల్ని వినిపిస్తే రెండూ చెడేవి.

బ్యాండుగా కలిసి ఉన్న రోజుల్లో వాళ్ళు దీన్ని వేదిక మీదికి తీసుకురాలేదు. వాటర్స్ 2016లో మెక్సికో సిటీలో, ఆ తర్వాత కాలిఫోర్నియాలో డెసర్ట్ ట్రిప్‌లో పాడాడు. నిక్ మేసన్ పాత పాటల కోసమే 2018లో పెట్టుకున్న బృందం కూడా వాయిస్తోంది, లండన్ రౌండ్‌హౌస్‌లో చేసిన రికార్డింగ్‌లో ఉంది. అంటే నలభై అయిదేళ్ళ తర్వాత ఇద్దరు పాత మిత్రులకి విడివిడిగా గుర్తొచ్చింది. ఎవరూ పట్టించుకోలేదనే మాట ఇక్కడికొచ్చేసరికి కొంచెం పలచబడుతుంది.

"మన పాట ఇక్కడ పెట్టారేంటి?"

మా అక్క కొడుక్కి పింక్ ఫ్లాయిడ్ అంటే ఏమిటో తెలీదు. తెలుసుకోవాలన్న ఆసక్తి కూడా లేదు. వాడికి ఫుట్‌బాల్ ఉంది. హైదరాబాద్‌లో అర్ధరాత్రి దాటాక అలారం పెట్టుకుని లేచి లివర్‌పూల్ మ్యాచ్‌లు చూసే రకం. ఒకసారి కార్లో మెడిల్ నడుస్తోంది. వాడు ఫోన్లో మునిగిపోయి ఉన్నాడు. ఫియర్‌లెస్ చివరికి రాగానే తల పైకెత్తి, "మావయ్యా, ఇది కోప్ కదా! మన పాట ఇక్కడ పెట్టారేంటి?" అన్నాడు. కోప్ అంటే లివర్‌పూల్ స్టేడియంలో అభిమానుల స్టాండ్. కూకట్‌పల్లిలో పుట్టి పెరిగినవాడికి అది 'మన' పాట. ఆ 'మన'కి నేను నవ్వుకున్నాను గానీ, తర్వాత వాడన్న మాట నవ్వులాట కాదు: "వీళ్ళేంటి ఇంత హాయిగా పాడుతున్నారు? ఇప్పుడు పాడేటప్పుడు ఇలా ఉండదు."

వాడు పట్టుకున్న విషయం నేను ఎన్నేళ్ళు విన్నా నాకు తట్టే అవకాశం లేనిది. అది అర్థం కావాలంటే ఆ పాట ఎక్కడినుంచి వచ్చిందో తెలియాలి. 'యూ విల్ నెవర్ వాక్ అలోన్' పుట్టుకతో ఫుట్‌బాల్ పాట కాదు. రాజర్స్, హామర్‌స్టైన్ 1945లో చేసిన 'కరౌసెల్' అనే అమెరికన్ సంగీత నాటకంలోది. 1963లో లివర్‌పూల్ కుర్రాళ్ళ బృందం జెర్రీ అండ్ ది పేస్‌మేకర్స్ పాడితే బ్రిటన్‌లో నంబర్ వన్ అయింది. ఆ రోజుల్లో లివర్‌పూల్ జట్టు ఆడే ఆన్‌ఫీల్డ్ స్టేడియంలో మ్యాచ్‌కి ముందు ఆ వారపు హిట్ పాటలు మైకులో వేసేవారట, కోప్ అనే స్టాండ్‌లో నిలబడ్డ జనం వాటితో గొంతు కలిపేవారట. మిగతా పాటలు వచ్చి పోయాయి, ఇది మాత్రం ఉండిపోయింది. ఎవరూ నియమించని గీతం.

1989 ఏప్రిల్ 15న షెఫీల్డ్‌లోని హిల్స్‌బరో స్టేడియంలో తొక్కిడి జరిగింది. చనిపోయిన లివర్‌పూల్ అభిమానులు 97 మంది. తాగి వచ్చిన అభిమానులదే తప్పన్నట్టు మొదట్లో పోలీసులూ కొన్ని పత్రికలూ చెప్పాయి. వాళ్ళ తప్పు లేదని, అది చట్టవిరుద్ధంగా జరిగిన ప్రాణనష్టమని విచారణ జ్యూరీ తేల్చింది 2016లో. మధ్యలో ఇరవై ఏడేళ్ళు. ఆ ఇరవై ఏడేళ్ళూ ఆ కుటుంబాలు ఈ పాటనే పాడుకున్నాయి. ఇప్పుడు కోప్ అది పాడుతుంటే అందులో ఆ పేర్లన్నీ ఉంటాయి. మా మేనల్లుడికి తెలిసింది ఆ గొంతే.

ఫియర్‌లెస్‌లో ఉన్నది దానికి ముందటి గొంతు. ఏ భారమూ లేనిది. శనివారం మధ్యాహ్నం మ్యాచ్‌కి వచ్చి, భుజాలు భుజాలు రాసుకుంటూ నిలబడి, సరదాకి పాడుతున్న మగవాళ్ళ గొంతు. ఆ తర్వాత చప్పట్లతో ఊరి పేరు అరుస్తారు. అప్పటి కోప్‌లో కుర్చీలు లేవు, ఇరవై వేలకు పైగా జనం నిలబడే చూసేవారు. 1994లో కుర్చీలు వేసి పన్నెండు వేల పైచిలుక్కి కుదించారు. అంటే ఆ శబ్దం పుట్టిన చోటు ఆ రూపంలో ఇప్పుడు లేదు. పింక్ ఫ్లాయిడ్ ఇవేవీ ఊహించి పెట్టి ఉండరు, పెట్టలేరు కూడా. పాటకి తెలియని సంగతి వినేవాడికి తెలిసినప్పుడు పాట మారిపోతుంది. దయలేని మెజిస్ట్రేటు గురించి విన్న రెండు నిమిషాలకి ఆ గొంతులు వినపడితే, హిల్స్‌బరో సంగతి తెలిసిన మనిషి మామూలుగా వినలేడు.

ఇంకో సంగతి. కోప్ అనే పేరు స్పియన్ కోప్ అనే కొండది. 1900 జనవరిలో దక్షిణాఫ్రికాలో బోయర్ యుద్ధంలో బ్రిటిష్ సైన్యం ఆ కొండ ఎక్కి, అక్కడ చిక్కుకుపోయి చావుదెబ్బ తింది. పోయినవాళ్ళలో లివర్‌పూల్ ప్రాంతం వాళ్ళు చాలామంది. 1906లో ఆన్‌ఫీల్డ్‌లో ఎత్తుగా కట్టిన స్టాండ్‌కి ఆ కొండ పేరు పెట్టారు. ఎక్కలేనంత నిటారు కొండ గురించిన పాట, ఆ కొండ పేరున్న చోటి జనంతో ముగిసింది. ఇది వాటర్స్, గిల్మోర్ కావాలని చేశారని నేను అనను. ఆ యుద్ధంలో గాయపడ్డవాళ్ళని స్ట్రెచర్ల మీద మోసిన భారతీయుల దళాన్ని నడిపింది గాంధీ. అందులో సుమారు పదకొండు వందలమంది, ఎక్కువ భాగం నాటాల్ చెరుకు తోటల ఒప్పంద కూలీలు. మద్రాసు రేవు నుంచి ఓడెక్కి ఆ తోటలకి వెళ్ళినవాళ్ళలో తెలుగువాళ్ళు తక్కువేమీ కాదు. ఆ కొండ కింద స్ట్రెచర్ పట్టుకున్న చేతుల్లో తెలుగు చేతులు ఉండి ఉండొచ్చు. మా మేనల్లుడి 'మన' పాటకి ఇంతకంటే దూరపు చుట్టరికం నేను వెతకలేను.

సరదాకి పెట్టారేమో కదా?

ఎదుటి వాదనలో బలం ఉంది. దాన్ని తేలిగ్గా తీసెయ్యలేను. ఇదే ఆల్బమ్‌లో, ఫియర్‌లెస్‌కి రెండు పాటల అవతల, గిల్మోర్ కొన్నాళ్ళు చూసుకున్న స్నేహితుడి కుక్క షేమస్ చేత బ్లూస్ పాడించారు. అంతకుముందు ఏడాది ఆల్బమ్‌లో ఒక మనిషి ఉదయం ఫలహారం చేసుకోవడం మొత్తం రికార్డు చేసి పాటగా పెట్టారు. మెడిల్ పని మొదలుపెట్టింది కూడా ఏ ఆలోచనా లేకుండా, ఎవరికి తోచింది వాళ్ళు వాయించి, ఆ ముక్కలకి 'నథింగ్' అని పేరు పెట్టుకుని. ఇలాంటి బృందం ఒక ఫుట్‌బాల్ టేపు దొరికితే పెట్టేసి ఉంటుంది, దానికి ఇంత తత్వం ఎందుకు అంటే, నిజమే కావచ్చు.

వాళ్ళకి ఫుట్‌బాల్ పిచ్చి ఉందన్నదీ నిజమే. ఇక్కడ ఒక ఇబ్బంది వస్తుంది, కానీ అది నా వాదనకి పనికొచ్చే ఇబ్బంది. వాటర్స్ లివర్‌పూల్ అభిమాని కాదు, ఆర్సెనల్ అభిమాని. మెడిల్ తయారవుతున్న ఆ నెలల్లోనే, 1971 మే 8న, వెంబ్లీలో ఎఫ్ఏ కప్ ఫైనల్‌లో ఆర్సెనల్ లివర్‌పూల్‌ని 2-1తో ఓడించింది. సరదాకో, గొప్పకో పెట్టాలనుకుంటే సొంత జట్టు జనాన్ని పెట్టుకోవాల్సిన సంవత్సరం అది. అవతలి జట్టు జనాన్ని పెట్టారంటే, వాళ్ళకి కావాల్సింది జట్టు కాదు, ఆ పాట. నువ్వెప్పుడూ ఒంటరిగా నడవవు అని వేలమంది కలిసి పాడటం కావాల్సి వచ్చింది, ఒంటరిగా కొండెక్కినవాడి పక్కన.

ఇంకో రుజువు కూడా ఉంది. 1971 రికార్డు లేబుల్ మీద ఫియర్‌లెస్ పేరు పక్కనే 'యూ విల్ నెవర్ వాక్ అలోన్' పేరు కూడా అచ్చయింది. కుక్కకి పాట పేరులో చోటిచ్చారు సరే, ఫుట్‌బాల్ గోలకి ఎవరు ఇస్తారు, అది పాటలో భాగం అనుకోకపోతే?

మా హాస్టల్ రోజుల్లో ఒకరి హార్డ్ డిస్క్ నుంచి ఇంకొకరి హార్డ్ డిస్క్‌కి తిరిగిన మెడిల్ ఎంపీ3ల్లో ఫియర్‌లెస్ ఫైలు అరకొరది. సరిగ్గా జనం గొంతు పైకొచ్చే చోట తెగిపోయేది. ఎవరు ఎక్కడ డౌన్‌లోడ్ చేశారో, మధ్యలో కనెక్షన్ పోయిందో. మా బ్యాచ్‌లో చాలామందికి ఈ పాట ఇప్పటికీ గిటార్ మోతతోనే ముగుస్తుంది. అందులో ఒకడు, నాకు బాగా దగ్గరివాడు, పూర్తి పాట విన్నాక కూడా తెగిందే మేలంటాడు. వాడి కారణం కొట్టిపారేయదగ్గది కాదు. "ఇది ఒక్కడి పాట రా," అంటాడు. "వాడు ఎవరి మాటా వినకుండా పైకెళ్ళాడు. చివర్లో పదివేలమంది వచ్చి, మేమున్నాం నీకు తోడు అంటే వాడు ఎక్కిన కొండకి విలువేముంది? జాలి చూపించినట్టుంటుంది."

ఈ మాటకి నా దగ్గర చాలాకాలం సమాధానం లేదు. ఇప్పుడు కూడా పూర్తిగా లేదు. కానీ ఒకటి గమనించాను. ఆ జనం వాడితో కలిసి పాడరు. గిటార్ తాళం వేరు, వాళ్ళ తాళం వేరు. వాళ్ళ శ్రుతి కూడా వాళ్ళదే. గిటార్ నడుస్తుండగానే పైనుంచి పొగలాగా వచ్చి కమ్ముకుంటారు, ఎక్కడా గిటార్‌తో కలవరు. వాళ్ళు వాడికోసం పాడటం లేదు, వాడున్నాడనే వాళ్ళకి తెలీదు. వాళ్ళ జట్టు కోసం, వాళ్ళ కోసం పాడుకుంటున్నారు. పైనున్నవాడికి అది తనకోసమే అనిపించొచ్చు, తన మీదికే వస్తున్న గోల అనీ అనిపించొచ్చు. పాట ఏదీ తేల్చదు. నా మిత్రుడు దాన్ని జాలి అంటాడు. నాకు బెదిరింపు కూడా వినపడుతుంది.

ఈ రెంటినీ ఒకేసారి వినడం మనకి కొత్త కూడా కాదు. మొదటి రోజు మొదటి ఆటకి వెళ్ళినవాళ్ళెవరినైనా అడగండి. తెరమీద హీరో పాట మొదలైతే పాట వినపడదు, కాగితాలు ఎగురుతాయి, పక్కవాడు మన భుజం మీదెక్కి అరుస్తాడు. భయమూ వేస్తుంది, ఒళ్ళూ పులకరిస్తుంది. పాట వినాలంటే మరో రోజు మళ్ళీ వెళ్ళాలి.

గోడకి ముందు

1977 జూలై 6న మాంట్రియల్ ఒలింపిక్ స్టేడియంలో కచేరీ జరుగుతుండగా, ముందు వరసలో గోల చేస్తున్న ఒక అభిమాని మీద వాటర్స్ ఉమ్మేశాడు. ఆ సిగ్గులోంచి, ఆ కోపంలోంచి 1979లో 'ది వాల్' ఆల్బమ్ వచ్చింది. ఆ తర్వాత కచేరీల్లో వేదిక మీద నిజంగానే ఇటుక ఇటుకగా గోడ కట్టి బ్యాండుకీ జనానికీ మధ్య అడ్డం పెట్టారు. ఆ కథంతా అందరికీ తెలిసిందే. స్టేడియం, జనం, ఒంటరి గాయకుడు, వాడికి తీర్పు చెప్పే న్యాయమూర్తి. ఇవన్నీ 'ది వాల్' సామాన్లు. ఎనిమిదేళ్ళ ముందు, ఎవరూ పెద్దగా గమనించని ఆరు నిమిషాల పాటలో ఈ నాలుగూ ఉన్నాయి. 'ది వాల్'లో కోర్టు ఒక పాటంతా నడుస్తుంది. ఫియర్‌లెస్‌లో మెజిస్ట్రేటు ఒక్క పంక్తిలో మొహం చిట్లించి వెళ్ళిపోతాడు.

తర్వాత జరిగింది తెలుసుకుని వెనక్కి చదవడంలో ప్రమాదం ఉంది. ఫియర్‌లెస్ వాటర్స్ ఒక్కడిదీ కాదు, గిల్మోర్‌తో కలిసి చేసింది. 1971లో పింక్ ఫ్లాయిడ్‌కి స్టేడియం అంటే ఫుట్‌బాల్ చూడటానికి వెళ్ళే చోటు, కచేరీ చేసే చోటు కాదు. ఆ తేడా వల్లే నాకు ఈ పాట మీద 'ది వాల్' కంటే గురి ఎక్కువ. 'ది వాల్' రాసినవాడు జనాన్ని వేదిక మీదినుంచి చూశాడు. ఫియర్‌లెస్ చేసినవాళ్ళు జనంలో నిలబడి మ్యాచ్‌లు చూసినవాళ్ళు, ఇంకా వాళ్ళలో ఒకరు. అందుకే గుంపు అంటే భయం ఏమిటో చెప్పగలిగారు, గుంపులో ఉంటే హాయి ఏమిటో దాచిపెట్టలేదు. 'ది వాల్' గొప్పదే, కాదనను. కానీ అందులో జనం ఎప్పుడూ తప్పే చేస్తారు. ఆ అన్యాయం నాకు వయసు పెరిగేకొద్దీ ఎక్కువగా తగులుతోంది.

మంచి పాటల సంకలనాల్లో ఇది లేదని బాధపడేవాళ్ళకి నా వంతుగా ఒక మాట. 1983లో అమెరికాలో వచ్చిన 'వర్క్స్' అనే సంకలనంలో ఉంది, ఆ తర్వాత పెద్ద సంకలనాల్లో లేదు. 2001లో రెండు డిస్కుల్లో ఇరవై ఆరు పాటలతో వచ్చిన దాంట్లో కూడా దీనికి చోటు ఇవ్వలేదు. ఆ సంకలనానికి పేరిచ్చిన ఎకోస్‌నే అందులో ఇరవై మూడు నిమిషాల నుంచి పదహారున్నరకి కత్తిరించారు, పాటల్ని ఒకదానిలోకి ఒకటి కలిపేశారు. ఫియర్‌లెస్‌ని పెట్టి ఉంటే కత్తెర ముందు ఎక్కడ పడేదో ఊహించడం కష్టం కాదు. దాన్ని తీసుకోకపోవడమే మేలైంది. మెడిల్‌లో కోప్ జనం చప్పట్లు కొట్టి పూర్తిగా సద్దుమణిగాక గానీ తర్వాతి పాట మొదలవదు.